మిస్డ్ కాల్ రాని రోజు



క్షయ మందులు మధ్యలో ఆపేసేవాళ్ళలో చాలామంది, జబ్బు తగ్గిందనిపించాకే ఆపేస్తారు. మందు మొదలుపెట్టిన కొద్ది వారాలకే దగ్గు నెమ్మదిస్తుంది. రోజూ సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడటం ఆగిపోతుంది. అన్నం సయిస్తుంది. రెండో నెల దాటేసరికి మనిషి కాస్త ఒళ్ళు చేసి, వదిలేసిన పనికి మళ్ళీ వెళ్ళడం మొదలుపెడతాడు. అప్పటికి ఇంకా నాలుగు నెలల మందు మిగిలే ఉంటుంది. బాగున్న మనిషిని పట్టుకుని రోజూ ఇన్ని మాత్రలు మింగమని చెప్పాలి. వైద్యంలో ఇంతకన్నా కష్టమైన పని నాకు ఎదురుపడలేదు.

నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఛాతీ జబ్బుల వైద్యుడిగా పనిచేస్తున్న రోజుల్లో ఒక లారీ క్లీనరు చికిత్సకు వచ్చాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ కుర్రాడు. రెండు నెలలు తు.చ. తప్పకుండా వచ్చాడు. తెమడ పరీక్షలో క్రిములు కనిపించడం మానేశాయి. "నాకు బాగానే ఉంది గదా డాక్టరుగారూ, ఇంకా ఎందుకండీ?" అని అడిగాడు. ఎందుకో చెప్పాను. తలూపాడు. మూడో నెలలో రాలేదు. ఆ సంగతి మాకు తెలిసింది దాదాపు నెలన్నర తర్వాత, రిజిస్టరులో గళ్ళు సరిచూసుకుంటున్నప్పుడు. ఇంటికి మనిషిని పంపితే, లోడు మీద ఒరిస్సా వైపు వెళ్ళాడన్నారు. ఏడాది తిరక్కుండానే మళ్ళీ వచ్చాడు. ఈసారి నెత్తురు పడుతోంది. మొదట వాడిన మందుల్లో ముఖ్యమైన రెండూ అతనిలోని క్రిమి మీద పనిచేయడం లేదని పరీక్షలో తేలింది. ఆ రోజుల్లో అలాంటి క్షయకు రెండేళ్ళ చికిత్స. అందులో నెలల తరబడి సూదిమందు. దానివల్ల వినికిడి పోయినవాళ్ళను నేనెరుగుదును.

అతను మాత్రలు ఆపేసిన మొదటి వారంలోనే ఆ కబురు మాకు అంది ఉంటే ఎలా ఉండేది? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. ఈరోజు మీతో మాట్లాడబోయేది దాని గురించే.

ఆరు నెలలు ఎందుకో ముందు చెబుతాను. మన చుట్టూ ఉండే చాలా బాక్టీరియాలు అరగంటకో గంటకో ఒకటి రెండవుతాయి. క్షయ క్రిమి అలా రెండు కావడానికి ఇంచుమించు ఇరవై గంటలు పడుతుంది. కొన్ని క్రిములు కదలకుండా మెదలకుండా, నిద్రపోతున్నట్టు పడి ఉంటాయి. మందు చురుగ్గా ఉన్న క్రిమిని త్వరగా చంపుతుంది. పడుకున్న క్రిమి లేచేదాకా కాపు కాయాలి. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాతి నాలుగు నెలలు మూడు మందులు కలిపి ఇవ్వడం అందుకే. మధ్యలో ఆపితే మిగిలినవి మళ్ళీ పెరుగుతాయి. ఆపి, మొదలుపెట్టి, మళ్ళీ ఆపితే ఆ మందుకు లొంగని క్రిములే మిగిలి పెరగవచ్చు. రోగి దగ్గితే అవే పక్కవాడికి చేరతాయి.

ఇక మందు వేసుకున్నారా లేదా అన్న పట్టింపు ఎక్కడ మొదలైందో చెబితే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. అది మన పక్కనే, మద్రాసులో. అంతకుముందు క్షయ అంటే శానిటోరియమే. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో వందేళ్ళ కిందటే అలాంటి ఆసుపత్రి వెలిసింది. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నిలబెట్టారు. మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, నెలలకొద్దీ మంచం. కానీ దేశంలో రోగులు లక్షల్లో ఉంటే మంచాలు వేలల్లో ఉండేవి. 1956లో మద్రాసులో ఒక చికిత్సా పరిశోధన కేంద్రం పెట్టారు. వాలెస్ ఫాక్స్ అనే బ్రిటిష్ వైద్యుడు దానికి నాయకత్వం వహించారు. రోగుల్లో కొందరిని శానిటోరియంలో, మరికొందరిని వాళ్ళ ఇళ్ళలోనే ఉంచి అందరికీ అవే మందులు ఇచ్చారు. ఇళ్ళంటే ఇరుకు గదులు, చాలీచాలని తిండి. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో ఉండి మందు వేసుకున్నవాళ్ళకూ ఇంచుమించు అంత బాగానూ నయమైంది. వాళ్ళవల్ల ఇంట్లోవాళ్ళకు జబ్బు ఎక్కువగా అంటుకోనూ లేదు. ప్రపంచంలో శానిటోరియంలు మూతపడటానికి ఆ అధ్యయనం ఒక పెద్ద కారణం. ఆ కేంద్రమే ఇప్పటి చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ.

అయితే ఇంట్లో చికిత్స అనగానే కొత్త చిక్కు వచ్చింది. రోగి మాత్రలు తీసుకెళ్ళాడు, మింగాడో లేదో ఎవరికి తెలుసు? మద్రాసు పరిశోధకులు చెప్పకుండా ఇళ్ళకు వెళ్ళి మాత్రలు లెక్కపెట్టేవారు. మూత్రం పరీక్షించి మందు జాడ ఉందో లేదో చూసేవారు. మాత్రల లెక్క సరిపోయినా మూత్రంలో మందు కనిపించని సందర్భాలు వాళ్ళకు ఎదురయ్యాయి. దాంతో కళ్ళెదుట మింగించే పద్ధతిని అక్కడే ప్రయత్నించి చూశారు. తర్వాత ప్రపంచమంతా డాట్స్ పేరుతో పాకింది అదే. మన దేశంలో 1997 నుంచి అమలైంది. మొదటి నెలల్లో రోజు విడిచి రోజు, వారానికి మూడుసార్లు రోగి కేంద్రానికి రావాలి, ఆరోగ్య కార్యకర్త చూస్తుండగా మాత్రలు మింగాలి.

డాట్స్ చాలామంది ప్రాణాలు నిలబెట్టింది, అందులో సందేహం లేదు. కానీ కూలి చేసుకునే మనిషికి వారానికి మూడు పూటలు పని పోవడమంటే ఏమిటో ఆ మనిషినే అడగాలి. పైగా ఆ కేంద్రం ముందు నిలబడ్డవాళ్ళంతా దేనికి నిలబడ్డారో ఊరికి తెలుసు. పెళ్ళి కావాల్సిన ఆడపిల్లల్ని వాళ్ళ తల్లులు చీకటి పడ్డాక తీసుకొచ్చేవారు. ఆ తర్వాత, 2017లో, దేశమంతా రోజూ మందు వేసుకునే పద్ధతికి మారింది. వైద్యపరంగా అది సరైన మార్పు. కాకపోతే లక్షల మందిని ప్రతిరోజూ ఎదుట కూర్చోబెట్టుకుని మింగించడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. 2023లో మన దేశంలో కొత్తగా క్షయ వచ్చినవాళ్ళు 28 లక్షల మంది దాకా ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ప్రపంచంలో ప్రతి నలుగురు రోగుల్లో ఒకరు మనవాళ్ళే. ఆ ఇబ్బంది దగ్గరే సెల్‌ఫోను చికిత్సలోకి అడుగుపెట్టింది.

మన దగ్గర వాడిన పరికరాల్లో నాకు బాగా నచ్చింది నైంటీనైన్ డాట్స్. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలలో బిల్ థీస్ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం తయారుచేశారు. ఇందులో స్మార్ట్ ఫోను అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. మాత్రల అట్టకు ఒక కాగితపు కవరు తొడుగుతారు. మాత్రను నొక్కి బయటకు తీసినప్పుడు కవరు చిరిగి, లోపల దాగున్న ఫోను నెంబరు కనబడుతుంది. ఆ రోజు ఏ నెంబరు వస్తుందో రోగికి ముందుగా తెలియదు, చించితేనే తెలుస్తుంది. ఆ నెంబరుకు ఒక మిస్డ్ కాల్ ఇస్తే చాలు, పైసా ఖర్చు లేదు. ఏ ఫోను నుంచి ఏ నెంబరుకు కాల్ వచ్చిందో చూసి, ఫలానా మనిషి ఈరోజు మాత్ర తీశాడని కంప్యూటరు గుర్తుపెట్టుకుంటుంది. మిస్డ్ కాల్ అనేది మనవాళ్ళకు కొత్తగా నేర్పాల్సిన విద్యా? బస్సు దిగాననో, పాలు తెమ్మనో మిస్డ్ కాల్‌తోనే చెప్పుకునే జనం మనం. ఉన్న అలవాటు మీద కట్టిన పరికరం కాబట్టే అది నాకు నచ్చింది.

ఇంకొకటి మాత్రల పెట్టె. మందులకు లొంగని క్షయ ఉన్నవాళ్ళకు మన దేశంలో దీన్ని ఇచ్చారు. వేళకు దీపం వెలుగుతుంది, చిన్న మోత వస్తుంది. మూత తెరిస్తే ఆ తేదీ, ఆ సమయం నమోదై ఆరోగ్య కేంద్రానికి చేరతాయి. మూడోది వీడియో. రోగి మాత్ర మింగుతూ ఫోనులో తీసుకుని పంపితే నర్సు తనకు వీలైనప్పుడు చూస్తుంది. ఇంగ్లండులో ఈ పద్ధతినీ, ఎదుట మింగించే పద్ధతినీ పోల్చి చూసి 2019లో ఫలితాలు ప్రకటించారు. మొదటి రెండు నెలల్లో చూడవలసిన మోతాదుల్లో నూటికి 80కి పైగా చూడగలిగింది వీడియో పద్ధతిలో 70 శాతం మంది విషయంలో, పాత పద్ధతిలో 31 శాతం మంది విషయంలోనే.

ఇంతవరకూ వింటే అంతా బాగుందనిపిస్తుంది. ఒక్కక్షణం ఆగండి.

మాత్ర తీయడం వేరు, మింగడం వేరు. నైంటీనైన్ డాట్స్ వాడుతున్న రోగుల ఇళ్ళకు చెన్నై, ముంబై వంటి చోట్ల పరిశోధకులు చెప్పకుండా వెళ్ళి మూత్రం పరీక్షించారు. అరవై ఏళ్ళ కిందట మద్రాసులో చేసిన పరీక్షే మళ్ళీ. మిస్డ్ కాల్ ఇచ్చినవాళ్ళందరూ మింగలేదు. అంతకన్నా పట్టించుకోవలసింది, కాల్ ఇవ్వనివాళ్ళలో చాలామంది మింగారు. ఎందుకు కాల్ ఇవ్వలేదు? ఫోను భర్త జేబులో ఉంది, ఆయన పనికి వెళ్ళాడు. ఛార్జింగు లేదు. పాడేరు కొండల మీద సిగ్నలు కోసం గుట్టెక్కాల్సిన ఊళ్ళున్నాయి. రోజూ అదే పని, విసుగొచ్చింది. కంప్యూటరు తెర మీద మాత్రం ఇవన్నీ ఒకేలా కనబడతాయి, మందు వేసుకోలేదు అని. ఆ తెర చూసి ఎవరైనా ఆ మనిషికి ఫోను చేసి గద్దిస్తే, నిక్షేపంగా మందు వేసుకుంటున్న మనిషికి ఒళ్ళు మండుతుంది. మర్నాటి నుంచి ఫోనెత్తడు.

చైనాలో 36 ప్రాంతాల్లో చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. ఐదింట ఒక వంతు మోతాదులైనా తప్పిన నెలలెన్ని అని లెక్కగట్టారు. మామూలు చికిత్సలో అలాంటి నెలలు 29.9 శాతం. కేవలం ఎస్సెమ్మెస్‌లు పంపినచోట 27.3. అంటే పెద్ద తేడా లేదు. గుర్తుచేసే పెట్టె ఇచ్చినచోట 17 శాతానికి తగ్గింది. అక్కడ పెట్టెలోని లెక్కను నెలనెలా వైద్యుడు చూసి రోగితో మాట్లాడేవాడు, ఎక్కువ మోతాదులు తప్పినవాళ్ళ మీద మరింత శ్రద్ధ పెట్టేవారు. ఎస్సెమ్మెస్ పంపి ఊరుకున్నచోట ఈ మాటలు లేవు. అయినా పెట్టెను తలకెత్తుకోవద్దు. తర్వాత అదే దేశంలో చేసిన మరో పెద్ద అధ్యయనంలో మాత్రలు వేసుకోవడం మెరుగైంది గానీ, చివరికి జబ్బు తిరగబెట్టడం, చికిత్స విఫలం కావడం వంటివి తగ్గాయని మాత్రం రుజువు కాలేదు.

నా మనసుకు పట్టింది కెన్యాలో చేసిన ప్రయోగం. నైరోబీ నగరంలో కెహియాలా అనే ఏర్పాటు అది. మామూలు బటన్ ఫోనులోనే పనిచేస్తుంది. మందు వేసుకున్నారా అని రోజూ ఒక సందేశం వస్తుంది, రోగి అవునని నొక్కాలి. జవాబు రాకపోతే మళ్ళీ అడుగుతుంది. అప్పటికీ రాకపోతే ఒక మనిషి స్వయంగా ఫోను చేస్తాడు. ఏమైంది, ఒంట్లో ఎలా ఉంది, మందు పడటం లేదా అని అడుగుతాడు. 2019లో ఫలితాలు వచ్చాయి. చికిత్స సరిగా ముగియనివాళ్ళు మామూలు పద్ధతిలో 13.1 శాతం ఉంటే, ఈ ఏర్పాటు ఉన్నవాళ్ళలో 4.2 శాతమే. నేను దీన్ని ఇలా అర్థం చేసుకున్నాను. యంత్రం చేసింది ఒక్కటే: వందమందిలో ఈరోజు ఎవరి దగ్గరికి వెళ్ళాలో చూపించింది. వెళ్ళింది మనిషే.

కాబట్టి ఏ జిల్లాలోనైనా ఇలాంటి పరికరం పెడుతున్నామంటే నేను అడిగేది ఇదే. మిస్డ్ కాల్ రాని రోజున మీరేం చేస్తారు? ఆ ఫోను చేసేది ఎవరు? ఆ మనిషికి ఇప్పటికే ఎన్ని పనులున్నాయి? ఆశా కార్యకర్త పొద్దున గర్భిణుల దగ్గరికి, మధ్యాహ్నం టీకాలకు, సాయంత్రం సర్వేకు తిరుగుతుంది. ఆమె ఫోనులో ఇంకో యాప్ వేసి, ఇంకో యాభై పేర్లు ఎర్రరంగులో చూపిస్తే అది సాయమా, బరువా?

ఆ ఫోనులో ఏం మాట్లాడతారన్నది కూడా చిన్న విషయం కాదు. మందు ఆపినవాణ్ణి మేం చాలాకాలం డిఫాల్టర్ అని రాశాం. బ్యాంకు అప్పు ఎగ్గొట్టినవాడికి వాడే మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఆ మాటను తన నిర్వచనాల నుంచి తీసేసింది. నా రిజిస్టరులో ఆ లారీ క్లీనరు పేరు పక్కన ఎర్ర సిరాతో నేను రాసిన మాటా అదే. అది తప్పని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. తప్పించుకున్నాడని రాశానే గానీ, లారీ మీద తిరిగే మనిషికి రెండు నెలల మందు ఒకేసారి ఇచ్చి, పక్క రాష్ట్రంలో ఎవర్ని కలవాలో చెప్పి పంపుదామన్న ఆలోచన నాకు రాలేదు.

ఇప్పుడైతే ఆ వీలుంది. 2012లో మొదలైన నిక్షయ్ అనే ప్రభుత్వ వ్యవస్థలో ప్రతి రోగికీ ఒక నెంబరు ఉంటుంది. పాలమూరు నుంచి ముంబైకి పనికి వెళ్ళిన తాపీమేస్త్రి ఆ నెంబరు చెబితే, ఎన్ని నెలలు మందు వాడాడో అక్కడి కేంద్రంలో కనబడుతుంది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పనిలేదు. నా దృష్టిలో వలస కూలీకి మాత్రల పెట్టె కన్నా ఈ నెంబరు గొప్ప ఉపకారం. ఊరు వదిలేముందు ఆరోగ్య కేంద్రంలో ఒక్కమాట చెప్పి, నెంబరు చీటీ జేబులో పెట్టుకుని వెళ్ళండి.

పోషణకిచ్చే డబ్బూ ఇదే దారిలో వస్తుంది. నెలకు 500 రూపాయలతో 2018లో మొదలైంది. 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలు, నేరుగా బ్యాంకు ఖాతాలో. ఆధార్‌లో పేరు ఒకలా, ఖాతాలో ఒకలా ఉండి ఆగిపోయినవి నేను చూశాను. చికిత్స ముగిశాక పడిన డబ్బు కృతజ్ఞతతో పుచ్చుకుంటారు, నిజమే. కానీ అది మొదటి నెలలో కావాల్సిన డబ్బు. పరగడుపున ఆ మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పుతుంది. ఏదైనా తిని వేసుకుందామంటే ఇంట్లో ఏదైనా ఉండాలి కదా. మందు మానడానికి ఆకలి ఎంత కారణమో కొలిచే పరికరం ఇంకా రాలేదు. అసలు మందే దొరకని పరిస్థితీ వచ్చింది. 2024 మొదట్లో కేంద్రం నుంచి సరఫరా తగ్గి, రాష్ట్రాలే కొనుక్కోవలసి వచ్చింది. అలాంటప్పుడు పెట్టె మోగితే లోపల ఏముంటుంది?

మరొకటి గుట్టు. చికిత్సలో ఉన్న కోడలి ఫోనుకు మందు గురించి మెసేజీ వస్తుంది. ఆ ఫోను ముందు ఎవరి చేతిలో పడుతుంది? పేరుతో, జబ్బు పేరుతో సందేశాలు పంపకూడదు. ఏ వేళకు ఫోను చేయమంటారని ముందే అడిగి రాసుకోవాలి. వీడియో పంపమనేముందు, వద్దనే హక్కు ఆమెకుందని చెప్పాలి. ఇవి మర్యాదలు కావు, చికిత్సలో భాగాలు.

ఇంట్లో ఎవరికైనా క్షయ చికిత్స జరుగుతుంటే మీకు రెండు మాటలు. ఈ మందుల్లో ఒకటి మూత్రాన్ని నారింజ రంగులోకి, ఎరుపులోకి మారుస్తుంది. నెత్తురని బెదిరిపోకండి. అరికాళ్ళు తిమ్మిర్లెక్కినా, కళ్ళు పచ్చబడినా, రంగులు గుర్తుపట్టడం కష్టమైనా, వాంతులు ఆగకపోయినా మాత్రం ఆ రోజే డాక్టరుకు చెప్పండి. చాలా ఇబ్బందులకు విరుగుడు ఉంది. మీరు మౌనంగా మందు ఆపేస్తే ఆ విరుగుడు ఇచ్చే అవకాశం మాకుండదు. ఇక రెండోది. "మాత్ర వేసుకున్నావా?" అని నిలదీయకండి. పక్కన కూర్చుని మంచినీళ్ళ గ్లాసు అందించండి. ఆ లారీ కుర్రాడికి రెండేళ్ళ చికిత్స మొత్తం వాళ్ళక్క అలాగే వేయించింది. బతికాడు. ఎడమచెవి మాత్రం వినబడదు.

క్షయ పరీక్ష, మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోండి. సందేహం ఉంటే నిక్షయ్ సంపర్క్ నెంబరుకు ఫోను చేయండి, డబ్బు పడదు. పెన్ను, కాగితం తీసుకోండి. 1800 11 6666. మరోసారి చెబుతున్నాను. ఒకటి, ఎనిమిది, సున్నా, సున్నా. ఒకటి, ఒకటి. తర్వాత నాలుగు ఆరులు.